ఉయ్యాల బొమ్మ

చొక్కా దగ్గర్నుంచి కూర దాకా పెళ్లాం ఏది ముందు పెడితే దానికే సరేననే గోపీచంద్, ఆ ఆదివారం హోసూరులో గోడకు తగిలించే బొమ్మల దుకాణంలో మాత్రం మొండికేశాడు. ఉదయశ్రీకి అదే వింతగా తోచింది.

పలమనేరు వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి, ఇన్నాళ్లకు సొంత ఫ్లాట్‌లో చేరారు. గోడలు బోసిగా ఉన్నాయి. దేవుడి పటాలు పూజగదిలో ఉన్నాయి కదా, మిగతా గోడల మీద మనుషులుండాలి, పని చేసుకుంటూ నవ్వుకుంటూ ఉండే మనుషులు, అన్నది ఆమె ముచ్చట. ఆరో నెల కడుపుతో ఉన్న మనిషి ముచ్చట కాదనేదెవరు? దుకాణం నడిపే బాలాజి ప్రింట్లు ఒక్కొక్కటే తీసి పరిచాడు. సంతకు పోయే ముసలాయన, డోలు వాయించేవాడు, పూలు కట్టే ఆడవాళ్లు. ఆ పూలవాళ్లను ఆమె వెంటనే పక్కన పెట్టించింది. హోసూరు పక్కనున్న తళి తోటల్లో బంతిపూలు కోసేవాళ్లను చూసినట్టే ఉంది.

గోపీచంద్ మూలన ఆనించిన ఇంకో బొమ్మ దగ్గర నిలబడిపోయాడు. మసక గదిలో చీర ఉయ్యాల. పక్కన నేల మీద ఒకామె మొహం అటు తిప్పుకుని, తాడు పట్టి ఊపుతోంది.

“ఇది మన పడకగదికి.”

“మొహమే కనబడదు. దీన్ని ఏం చూసి తీసుకుంటారు?”

“ఉండనీ, ఉదయా.”

“లోపల బిడ్డ నిద్రపోతా ఉందమ్మా,” అన్నాడు బాలాజి, బేరం ఎక్కడ చెడుతుందోనని. “కడుపుతో ఉండేవాళ్లు చూస్తే మంచిది.”

బిడ్డ అనగానే ఆమె మెత్తబడింది.

మర్నాడు పొద్దుట్నుంచి కడుపులో కదలిక లేదు. చక్కెర నీళ్లు తాగింది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంది. ఎదురుగా గోడ మీద ఆ బొమ్మ. చూస్తూ చూస్తూ ఉండగా ఆమెకు తేడా తెలిసింది. బిడ్డ పడుకున్న చీర బరువుకు కిందికి సాగుతుంది, అంచులు దగ్గరికొచ్చి మూసుకుంటాయి. ఈ చీర తేలిగ్గా వేలాడుతోంది. వెనక కిటికీ వెలుతురు గుడ్డలోంచి కనబడుతోంది. లోపల ఎవరూ లేరు.

ఖాళీ ఉయ్యాల ఊపకూడదు, బిడ్డకు కీడు. చిన్నప్పుడు ఆటకి ఊపినా అమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది. కీడంటే ఏమిటో ఉదయశ్రీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. నిరుడు నెలలు నిండకుండా పుట్టిన మొదటి బిడ్డ ఆస్పత్రి గాజుపెట్టెలోనే పోయింది. ఇంటికి తెస్తామన్న ఆశతో గోపీచంద్ ముందే కట్టిన చీర ఉయ్యాల అప్పటి అద్దె ఇంట్లో అలాగే మిగిలింది. ఈ బిడ్డా దక్కకపోతే ఇక తాను బతకలేదు.

సాయంత్రం అతను బూట్లు విప్పేదాకా కూడా ఆగలేదామె.

“దాన్ని తీసేయండి. దాంట్లో బిడ్డ లేదు.”

“తెలుసు.”

“తెలిసే తెచ్చినారా?”

అతను నేల మీదే కూలబడ్డాడు. “నిరుడు నువ్వు ఊపినావు ఉదయా. ఆస్పత్రి నుంచి వచ్చినాక, దినామూ. నీకు గుర్తులేదు. కండ్లు తెరిచే ఉంటావు. పిలిస్తే, ‘శ్, నిద్రపోతా ఉంది’ అంటావు. భయమేసి ఒకనాడు చీర విప్పేసినాను. ఇది యాడ చెప్పుకునేది, ఎవరికి చెప్పుకునేది? ఆ బొమ్మ చూడగానే, ఇంకెవరో కూడా ఇది చూసినారు, నేనొక్కణ్ణే కాదు అనిపించింది. ఎదురుగా ఉంటే నీకు చెప్పే ధైర్యమొస్తుందనుకున్నాను.”

అబద్ధమని అరవాలనుకుంది. కానీ అరచేతిలో తాడు ఒరుసుకున్న మంట ఆమెకు గుర్తొచ్చింది. అమ్మ వద్దన్న పని తన చేత్తో తానే చేసింది, రోజూ చేసింది. మంచం మీద కూర్చుని ఏడ్చేసింది.

“ఏడవద్దు. ఇప్పుడే దించేస్తాను,” అని గోపీచంద్ లేచి బొమ్మ అంచులు పట్టుకున్నాడు. వెనక ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయేసరికి తిరిగి చూశాడు. ఆమె చెయ్యి కడుపు మీద మెల్లగా అటూ ఇటూ కదులుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

“ఏమైంది? బిడ్డ కదిలిందా?” ఆశగా అడిగాడు.

“శ్,” అంది ఉదయశ్రీ. “నిద్రపోతా ఉంది.”