పుండు మానితే బిళ్ళ పోతుంది

మా ఆయన ధర్మారావుకి అన్నం దిగడం లేదని తేలేసరికి 1961 వేసవి వచ్చింది. ముద్ద గొంతు దాటి రొమ్ము దాకా వెళ్లి అక్కడ ఆగిపోయేది. కోపం వచ్చేది, ముద్ద మీద కాదు, వండిన నా మీద. రెండుసార్లు కంచం నా మీదికి విసిరాడు. చివరికి మజ్జిగ కూడా దిగనప్పుడు దివిసీమ నుంచి బస్సులో బందరు తీసుకెళ్లాను.

ఆస్పత్రిలో డాక్టర్ పూర్ణచంద్రరావు గారు పరీక్షలన్నీ చేసి నన్నొక్కదాన్నే గదిలోకి పిలిచారు. కేన్సరని రోగికి చెప్పరు, ఇంటివాళ్లకే చెబుతారు. నేను వెళ్తుంటే మా ఆయన మంచం మీద నుంచే, "వేలిముద్ర వేయమన్న చోట వేసి రా. నోరు తెరవకు" అన్నాడు. నాకు సంతకం వచ్చని ఆయనకు తెలుసు.

డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీశారు. "అన్నం దిగే గొట్టం వచ్చి పొట్టలో కలిసే చోట గడ్డ ఉందమ్మా. పొట్ట కోస్తే గడ్డ వరకూ తీసేస్తాను. కానీ దాని చుట్టూ, పైన రొమ్ములోకి కూడా బిళ్ళలుంటాయి. అవీ తీయాలంటే ఛాతీ తెరవాలి. చాలాసేపు పడుతుంది, బల్ల మీదే ప్రాణం పోయినా పోవచ్చు. అయినా మనిషి నాలుగేళ్లు బతకాలంటే అదొక్కటే దారి. మీరు ఒప్పుకోవాలి."

బిళ్ళలు. ఆ మాట నాకు కొత్త కాదు.

ఆరేళ్ల క్రితం మా అమ్మాయి సులోచన పొలంలో కొడవలి మొన తొక్కింది. తొమ్మిదేళ్ల పిల్ల. పాదం చీము పట్టి, గజ్జల్లో బిళ్ళ కట్టి, ఒళ్లు పెనంలా కాలింది. బందరు తీసుకెళ్దామని మా ఆయన కాళ్లు పట్టుకున్నాను. "పుండు మానితే బిళ్ళ దానంతట అదే పోతుంది. ఈ మాత్రం తెలీదా? కోతలు. బండి ఖాళీ లేదు" అన్నాడు. మా వైపు అందరూ అనే మాటే, చాలాసార్లు నిజమయ్యే మాటే. ఎనిమిదో రోజున బండి ఖాళీ అయింది. అప్పటికి పిల్లకు బండితో పని లేదు. చేతుల మీదే కాలవగట్టుకు మోసుకెళ్లారు.

"వద్దండీ," అన్నాను డాక్టరు గారితో. "గడ్డ తీసేయండి, చాలు. పుండు మానితే బిళ్ళలు వాటంతట అవే పోతాయి."

ఆయన విసుక్కున్నారు. "అది పుండు బిళ్ళమ్మా! ఇది వేరు. జబ్బు వీటిలోకి పాకుతుంది. వదిలేస్తే ఏడాది తిరక్కుండా మెడ దగ్గర లేస్తాయి. అప్పుడు నేనేమీ చేయలేను."

నర్సు రాహేలు నా భుజం పట్టుకుని మళ్లీ మొదటి నుంచీ చెప్పింది. పల్లెటూరి మొద్దుననుకుంది పాపం. నాకు మొదటిసారే అర్థమైంది.

ఛాతీ తెరవొద్దని రాసిన కాగితం మీద శుభ్రంగా సంతకం పెట్టాను.

ఆపరేషన్ బాగా జరిగింది. నెల తిరిగేసరికి మా ఆయన మెత్తటి అన్నం తిన్నాడు, ఊరంతా తిరిగి కుట్లు చూపించాడు. పసుపు కుంకుమలు నిలబెట్టుకున్నావని ఆడవాళ్లు నన్ను మెచ్చుకున్నారు. మూడో నెలలో మళ్లీ కంచం విసిరాడు. పులుసులో ఉప్పు తక్కువైందట. కుక్క తోక వంకర ఎక్కడికి పోతుంది? మెతుకులు ఏరుకుంటూ, ఏ మూలైనా పాపభయం ఉందేమోనని నాలో నేను వెతుక్కున్నాను. దొరకలేదు.

ఆ ఏటి కోతలకు ఎడమ భుజం పైన, మెడ కింద, నిమ్మకాయంత బిళ్ళ లేచింది. నా చేయి లాక్కుని తడిమించాడు. గట్టిగా ఉంది.

"ఇదేంటే?"

"పుండు మానింది కదండీ. బిళ్ళ దానంతట అదే పోతుంది."

ఆయన మొహం తేటపడింది. "అదీ నిజమేలే. ఎవరు చెప్పారు నీకు?"

"మీరే. సులోచన కాలికి పుండు పడ్డప్పుడు."

మెడ మీది చేయి కిందికి జారింది. నా మొహం కేసి చాలాసేపు చూశాడు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో అంతసేపు ఎప్పుడూ చూడలేదు. తర్వాత, మొదటిసారిగా బతిమాలాడు.

"సత్యవతీ, బండి కట్టించవే. అవనిగడ్డ వెళ్లి బందరు బస్సెక్కుదాం."

"కోతలండీ," అన్నాను. "బండి ఖాళీ లేదు."