కుడి అంచున ఎర్ర కాగితం

తెర కుడి అంచున అంటించిన ఎర్ర కాగితం ముక్క మీద చూపు నిలిపి, ప్రెస్సులో అక్షరాలు కూర్చే ఆపరేటరు నిఘంటువులోని ఒక పరభాషా పదాన్ని చివరి అక్షరం నుంచి కొట్టడం మొదలుపెట్టాడు. ఆ భాష కుడి నుంచి ఎడమకు నడుస్తుంది; మొదలు అటేనని గుర్తుకే ఆ ఎర్ర కాగితం. పక్కనే ఉండే తెలుగు అర్థం ఎడమ నుంచి కుడికి. అతని పాత కంప్యూటరుకు ఒక్క దిక్కే తెలుసు. అందుకే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఉపాయం పన్నాడు: పదాన్ని వెనక నుంచి కొడితే కాగితం మీద సరిగ్గా పడుతుంది. నిఘంటువు మొత్తం ఆ ఉపాయం మీదే నిలబడి ఉంది.

ఇదే ఆఖరి పుట. ఇది ముగిస్తే ఉద్యోగానికీ ముగింపే. సాయంత్రం బండికి భార్యతో కలిసి ఆమె అక్కగారి ఊరికి వెళ్ళిపోవాలి. పొద్దున అతను చొక్కా బొత్తాలు కింది నుంచి పెట్టుకుంటూ ఉంటే ఆమె నవ్వింది.

"ఇంట్లో కూడా వెనక నుంచేనా? ఇవాళ కూడా రేపంటూ వచ్చారో, ఆ కంప్యూటరుతోనే కాపురం పెట్టుకోండి."

"ఇవాళ్టితో సరి," అన్నాడు.

మధ్యాహ్నం యజమానురాలు, పాత యజమాని కూతురు, నిఘంటువును కొత్త కంప్యూటరులో తెరిచింది. అది రెండు దిక్కులూ తెలిసిన యంత్రం. కుడి నుంచి చదవవలసిన పదాలను తానే తిప్పుకుంటుంది. అతను ముందే తిప్పి పెట్టినవాటిని కూడా అంతే విధేయంగా మళ్ళీ తిప్పింది.

"బాబాయ్, ఇదేంటి? ఒక్క మాటా తిన్నగా లేదు!"

అతను వంగి చూశాడు. మెడ వెనక చెమట పట్టింది.

"తప్పు దానిది కాదమ్మా. నాదే."

"ఇంకెవరికైనా ఇచ్చి సరిచేయిద్దామా?"

"అంకెలు తిప్పలేదు. కుండలీకరణాలు కొన్ని తిప్పాను, కొన్ని వదిలేశాను. ఏది ఎక్కడో నాకే తెలియాలి."

"అయితే నువ్వెక్కడికీ పోవడానికి లేదు," అంటూ ఆమె ప్రేమగానే కుర్చీ ముందుకు లాగింది.

ఇందులో విధి ప్రమేయం ఏమీ లేదు. తన చుట్టూ తాను కట్టుకున్న గోడకు తలుపు పెట్టడం మరిచిపోయాడు, అంతే.

భార్యకు ఫోను చేశాడు. ఇవాళ బయల్దేరడం కుదరదని చెప్పాడు.

"పెట్టెలు విప్పనా?" అని మాత్రం అడిగింది.

"ఉండనీ," అన్నాడు.

కొత్త యంత్రం ముందు కూర్చుని, మొదటి పదాన్ని మొదటి అక్షరం నుంచి కొట్టబోయాడు. వేళ్ళు మొరాయించి, చివరి అక్షరాన్నే వెతుక్కున్నాయి. తుడిపాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తుడిపాడు.

ఎండ వాలే వేళ యజమానురాలు టీ తెచ్చి పక్కన పెట్టింది.

"చల్లారిపోతోంది బాబాయ్."

పలకలేదు. భుజం తట్టింది. చేతులు మీటల మీదే ఉన్నాయి. ప్రాణం అప్పటికే పోయింది.

బండి వెళ్ళిపోయింది. ఇంట్లో పెట్టెలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ప్రెస్సులో పాత కంప్యూటరును ఎవరూ ఆపలేదు. దాని తెర కుడి అంచున, వేలిముద్రలతో మాసిన ఎర్ర కాగితం ముక్క ఒక కొస లేచి, ఫ్యాను గాలికి కదులుతూ ఉంది.