వంకాయ రంగు అక్షరాలు

దోన్ అబెలార్దో పెట్టిన ప్రకటన ఏదైనా సరే, అవతలి ఒడ్డున నిలబడి చదువుకోవచ్చని లాంచీల సహకార సంఘంలో అందరూ ఎగతాళి చేసేవారు. నిజానికి అందులో ఎగతాళేమీ లేదు, ఉన్నమాటే. సంఘం వెబ్‌సైట్‌లో లాంచీ వేళలు రాసే పని ఆయనది. ఒక్కో అక్షరం గుమ్మడికాయంత, రంగేమో నిగనిగలాడే వంకాయ రంగు. మరీ అవసరమనిపిస్తే వెనకాల పసుపు కూడా పూసేవాడు. పరానా నది దీవుల్లో బడికైనా, బజారుకైనా, ఆస్పత్రికైనా లాంచీ ఒక్కటే దారి. అందుకని ఆ ప్రకటనలు చదవకుండా ఎవరికీ తెల్లవారేది కాదు.

వెబ్‌సైట్ చూసుకునే నెలిదాకు మాత్రం ఆ రంగు అసలు పడేది కాదు. మిగతావాళ్ళేమైనా బుద్ధిమంతులా అంటే అదీ కాదు. కోశాధికారి సన్న అక్షరాలు పెడితే, కార్యదర్శి పెళ్ళిపత్రికల మెలికల రాత తెచ్చి అతికించేవాడు. చివరికి సంఘం పెద్దలు సైటంతా ఒక్క తీరుగా ఉండాలని తీర్మానించి, ఆ భారం ఆమె నెత్తిన పెట్టారు. పని చిన్నదే. అక్షరం ఏది, ఎంత, ఏ రంగు అన్నది డిఫాల్ట్ స్టైల్‌గా ఒక్కచోట పెడితే అన్ని పేజీలూ దాన్నే అనుసరిస్తాయి. ఎవరైనా తమ రాతకు సొంత రంగు పులుముకుంటే మాత్రం డిఫాల్ట్ మాట అది వినదు. అలాంటి మొండిఘటాలను దారికి తేవడానికి కింద ఇంకో గడి ఉంది, ‘సొంత అలంకారాలు చెల్లవు’ అని. దాంట్లో టిక్కు పెడితే పాత రాతలూ కొత్త రాతలూ అన్నీ డిఫాల్ట్‌కు తలవంచాల్సిందే.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఆ పనిలో ఉండగా అబెలార్దో మాతే ఆకు కషాయం తాగే బుర్ర పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

“నా వంకాయలకి ఇవాళే ముహూర్తమా అమ్మాయీ?”

“పెద్దలు చెప్పారు, దోన్ అబెలార్దో. మీమీద నాకేం కోపం?”

“లేకపోతే మొహం అలా పెడతావేం? మా ముసలాళ్ళకి కళ్ళజోడు లేకుండా కనబడేది నా రాతొక్కటే. మీ పెద్దలకి కుర్చీలోంచి లేస్తే కదా తెలిసేది.”

“సంతలో బోర్డులా ఉందంటున్నారండీ సైటు.”

“సంతలో బోర్డు చూసే కదా జనం వచ్చేది,” అంటూ వేడినీళ్ళు పోసి మాతే ఆమె చేతికిచ్చాడు.

నెలిదా ముదురాకుపచ్చ వెనకరంగు ఎంచి, దానిమీద అక్షరాలకు తెలుపు పెట్టింది. తెరమీద చూస్తే కళ్ళకు హాయిగా ఉంది. భద్రపరచమంటారా అంటే అవును అంది, ఖాయమా అంటే ఖాయమంది. అలా ఏవేవో అడిగినవాటన్నిటికీ ఊఁ కొట్టి, ఆఖరి లాంచీ అందుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

తెల్లవారేసరికి ఉత్తరపు గాలి కాలువలో నీళ్ళన్నీ తోడేసింది. రేవు మెట్ల కింద బురద తేలింది. లాంచీ సంగతేమిటో చూద్దామని నెలిదా ఫోన్‌లో సైటు తెరిచింది. పైన సంఘం గుర్తు, దాని కింద లాంచీ బొమ్మ. ఆ తర్వాత తెల్లకాగితం. మళ్ళీ తెరిచినా అదే తెలుపు. అప్పుడు వెలిగింది ఆమెకు. అక్షరాల తెలుపు భద్రమైంది, వెనకాల ఆకుపచ్చ భద్రం కాలేదు. తెల్లదానిమీద తెల్ల అక్షరాలు. సరిచేద్దామంటే తానుండే దీవిలో సిగ్నల్ సన్నగా వస్తూ పోతూ ఉంది. ప్రకటనల పేజీ అసలు తెరుచుకోనే లేదు.

 ఇవాళ శనివారం, అక్క దేలియాకు డయాలసిస్ ఉంది. గురువారం పొగమంచుకు లాంచీలు ఆగి ఒక విడత తప్పింది. కాళ్ళు అప్పుడే ఉబ్బాయి, ఇంకోటి తప్పనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. నీళ్ళు తగ్గినప్పుడు లాంచీ కాలువల్లోకి రాదు.

అబెలార్దోకు ఫోన్ చేసి అక్క సంగతి చెబితే, ఆయన మాటలు తెగుతూ వినిపించాయి. “గాలి చూసి నిన్న సాయంత్రమే పెట్టాగా... కాలువల్లోకి రాదు... అందరూ పెద్ద నది మొగకి రావాలి, గంట ముందే...” అంతే, తెగిపోయింది.

పెట్టాడు, సరే. అది కనబడుతోందా? ఆ టిక్కు తాను పెట్టిందా, లేదా? పెట్టి ఉంటే ఆయన వంకాయలు కూడా ఈపాటికి తెల్లబడి ఉంటాయి. నెలిదా ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. అవును, ఖాయం, అవును అన్న మాటలే చెవిలో మోగుతున్నాయి. అక్కకు చేస్తే ఎత్తలేదు. దేలియాకు ఫోను మోగితే చిరాకు, ఎప్పుడూ దాని నోరు నొక్కేసి ఉంచుతుంది.

ఇక ఆలోచించకుండా పడవ విప్పి, అక్క ఉండే కాలువ వైపు తెడ్డు వేసింది. తెడ్డు మాటిమాటికీ బురదలో దిగబడుతోంది. తనను తాను తిట్టుకోవడానికి ఆమెకు తిట్లు చాల్లేదు. ఒక రంగు కంటికి నచ్చలేదని ఇంత చేశానే అనుకుంది. అక్క రేవుకు చేరేసరికి అక్కడెవరూ లేరు. తలుపుకు తాళం వేసి ఉంది. అది మంచికో చెడ్డకో తెలియక పడవను కాలువ పెద్ద నదిలో కలిసే మొగ వైపు తిప్పింది.

మొగ దగ్గర పాత చెక్కరేవు మీద ఓ పదిమంది ఉన్నారు. వాళ్ళ మధ్య సంచీమీద కూర్చుని, ఉబ్బిన కాళ్ళు చాపుకుని దేలియా బిస్కెట్లు నములుతోంది.

“ఏమే, ఆ బురదేమిటి, ఆ వాలకమేమిటి?”

 నెలిదా పడవ కట్టడం కూడా మరిచి రేవెక్కి, అక్క ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేసింది. ఎంత హాయిగా ఏడ్చిందంటే పక్కనున్నవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. పడవను ఎవరో పట్టుకుని కట్టారు.

“నీకెలా తెలిసిందక్కా ఇక్కడికి రావాలని?”

“ఎలా తెలవడమేంటి? పొద్దున తెరిస్తే మీ సైటంతా ఉతికి ఆరేసినట్టుంది, ఒక్క ముక్క లేదు. మధ్యలో అబెలార్దో వంకాయ రాత మాత్రం నా మొహమ్మీదకి దూకింది. మిగతాదంతా కావాలనే తీసేశారేమో, ఇవాళ దీన్నే చదవమంటున్నారేమో అనుకున్నా.”

“అది నా నిర్వాకమే అక్కా.”

“అనుకున్నాలే. లాంచీ వస్తోంది, లెగు.”

మొగ దగ్గర సిగ్నల్ బాగానే ఉంది. నెలిదా ముందుగా తన సెట్టింగులు తెరిచి కిందికి జరిపింది. గడి ఖాళీగా ఉంది. సరిగ్గా దానిమీదకి చెయ్యి వెళ్ళాల్సిన వేళకే ఆ పెద్దాయన మాతే చేతిలో పెట్టి ఉంటాడు. ఆ గడిని అలాగే ఖాళీగా వదిలేసింది. తర్వాత ఆకుపచ్చను భద్రపరిచింది. ఎక్కడి అక్షరాలక్కడ తేలి వచ్చాయి.

లాంచీలో అక్క పక్కన కూర్చున్నాక అబెలార్దోయే ఫోన్ చేశాడు. “దొరికిందా మీ అక్క?”

“దొరికిందండీ. నా పక్కనే ఉంది.”

“హమ్మయ్య. మరి సోమవారమేనా నా అక్షరాలకి తద్దినం?”

“పెద్దలకి నేను చెప్పుకుంటాను. మీరు మాత్రం ఇంకాస్త పెద్దవి చేయండి.”