ముందొచ్చిన గార్డు డబ్బా

ధారూర్ స్టేషన్ పక్కన మేకలు కాసినన్నాళ్ళూ ఎంకమ్మ గూడ్సుబండ్లను చూస్తూనే ఉంది. ముందు ఇంజను, కొసకు గార్డు డబ్బా. అందుకే కొడుకు మల్లేశ్వర్‌కు తాండూరు గూడ్సు యార్డులో నౌకరి దొరికి, "గార్డు డబ్బా మీదనే నా డ్యూటీ" అన్నప్పుడు ఆమె గుండె కాస్త కుదుటపడింది. బండి దేన్నయినా గుద్దితే ముందున్నవాళ్ళకే కదా ముప్పు. అయినా మనసు ఊరుకోక, జొన్నరొట్టెలు మూటగట్టుకుని వికారాబాద్ నుంచి వచ్చే ప్యాసింజరు ఎక్కింది.

యార్డు కంచె దగ్గర నాపరాళ్ళ దొంతుల పక్కన నిలబడి చూస్తుంటే, మలుపులోంచి గార్డు డబ్బా వచ్చింది. ముందు అదే! ఇంజను లేదు. డబ్బా వెనక వ్యాగన్లు, వాటి వెనక ఇంకా వ్యాగన్లు. డబ్బా వసారాలో కడ్డీ పట్టుకుని మల్లేశ్వర్.

ఎంకమ్మ కంచెకు ఆనుకుని తొంగిచూసింది. ఇంజను తెగిపోయిందా? తెగితే బండి ఎట్లా నడుస్తోంది? పల్లంలో జారిందనుకుంటే ఇంత నింపాదిగా వస్తుందా? వీడు పచ్చజెండా ఊపుతున్నాడేం, భయంతోనా?

మూట జారవిడిచి రెండు చేతులూ పైకెత్తి ఊపింది. "దుంకు కొడుకా! దుంకు!"

మల్లేశ్వర్ చప్పున ఎర్రజెండా చాపి వాకీటాకీలో అరిచాడు. వ్యాగన్లు ధడధడమని ఆగాయి.

"ఏమైందే అమ్మా? పట్టాల మీద ఏమన్న ఉన్నదా?"

"ఇంజనేదిరా?"

"ఎనక నుంచి నూకుతున్నది."

"గట్లయితే డ్రైవరుకు ముందర ఎట్ల కనబడతది?"

"కనబడదు. గందుకే నన్ను గీడ నిలబెట్టిండ్రు."

"అంటే గుద్దుకుంటే మొదలు నువ్వేనా!"

ఇంతలో యార్డు మేస్త్రీ పాండు పరుగున వచ్చాడు. కొడుకు ప్రాణం దక్కిందనుకుంటే ఇప్పుడు నౌకరి పోయేలా ఉంది. "తప్పు నాది సారూ. పోరన్ని తీసెయ్యకుండ్రి" అంది ఎంకమ్మ.

"ఎవలు చేతులూపినా ఆపాలె పెద్దమ్మా, అది రూలు. ఆపకుంటెనే తీసేద్దురు" అన్నాడు పాండు ఆయాసపడుతూ. "జర పక్కకు జరుగు, బండి పోవాలె."

"మళ్ల ఎట్లొస్తదిరా?" అంది కొడుకుతో.

"అప్పుడు ఇంజను ముందట, నేను ఎనక."

"డబ్బా తిప్పుతరా?"

"తిప్పరే! ఇంజను గుంజుతది. నువ్వు ఇంటికి పో."

"పోత" అంది గాని, కంచె వదల్లేదు. ఏ కొసను తలచుకుని భయపడాలో తేలేదాకా ఆమె కదిలేలా లేదు.