నాలుగో అలారం

ఓవర్‌డ్రైవ్ మీటను ఇంకో గీత పైకి జరిపి, కళ్ళు మూసుకుని విన్నారు గుయ్ మాస్టారు. మోత మరీ గొంతు చించుకుంటోంది. లాభం లేదు. మీటను వెనక్కి లాగారు.

లిఫ్టుల నుంచి ఆసుపత్రి మంచాల పక్కనుండే యంత్రాల దాకా అన్నిటికీ అలారాలు చేసే చిన్న కంపెనీ అది. ఇరవై రెండేళ్ళుగా మాస్టారి పని ఒక్కటే, కంప్యూటర్‌లోని సింథసైజర్ ముందు కూర్చుని రకరకాలుగా గుయ్‌మనిపించడం. పొట్టి మనిషి, ఏసీ గదిలో ఎప్పుడూ స్వెట్టర్‌తోనే ఉంటారు, వినీ వినీ మెడ ముందుకు వంగిపోయింది. లిఫ్టు గంటలూ, ఓవెన్ కూతలూ ఎన్ని చేశారో ఆయనకే గుర్తులేదు. ఇంట్లో కాలింగ్ బెల్ మాత్రం ఆర్నెల్లుగా మూగబోయి ఉంది. "లోకమంతా మోగిస్తారు, మన గుమ్మంలో మాత్రం తలుపు బాదుకోవాల్సిందే" అని భార్య ఇవాళ పొద్దున కూడా దెప్పింది. "ఈ ఆదివారం చూస్తాలేవే" అన్నారు. అలాంటి ఆదివారాలు చాలా గడిచాయి.

ఇప్పుడాయన ధ్యాసంతా నాలుగో అలారం మీదే. మొదటి మూడింటినీ వార్డులో మోగించి చూస్తే నర్సమ్మ తల కూడా ఎత్తలేదు. "ఏమనుకోకండి సార్, రోజంతా ఇలాంటివే వింటాం. చెవికి ఆనదు" అంది. మాస్టారికి రెండు రోజులు అన్నం సహించలేదు. మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ ఆవిడే వస్తోంది. ఇదీ ఆనకపోతే కంపెనీ బయటి కూతలు కొనుక్కుంటుంది, ఈయన ఇంటికెళ్ళొచ్చు. అది సరే, తన మోతకు ఒక్క మనిషైనా ఉలిక్కిపడి లేవకుండా ఇరవై రెండేళ్ళు గడిచిపోయాయా అన్నదే ఆయన బాధ.

భోజనమయ్యాక ఒక స్వరం వెనక ఇంకో స్వరాన్ని దాచి, దానితో మొదటిదాన్ని వణికించారు. ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్ అని దానికి పెద్ద పేరు. వణుకు తక్కువైతే గంట, ఎక్కువైతే రేకుల మోత. దాన్ని శబ్దాన్ని వడగట్టే ఫిల్టర్‌లోకి మోతాదు మించి తోస్తే గొంతు బొంగురుపోతుంది, అదే ఓవర్‌డ్రైవ్. రెండూ కలిసే చోట మనిషి కేకలాంటిది దొరికింది. మాస్టారికి ఒళ్ళు జలదరించింది. మోత ఆగకుండా హోల్డ్ బటన్ నొక్కి వదిలేశారు. అరగంట ఏకబిగిన వింటేగానీ ఏ మోతనూ నమ్మరు ఆయన. ఆ అరగంటా తలుపెవరూ తీయకూడదు. అది ఆఫీసులో అందరికీ తెలుసు.

నర్సమ్మ పది నిమిషాలు ముందే వచ్చింది. ముందుగదిలో అడుగు పెట్టగానే ఆ మోత విని, సంచి కుర్చీలో పడేసి లోపలికి పరుగెత్తబోయింది.

"ఎవరికేమైంది?"

మేనేజరు నవ్వాపుకోలేకపోయాడు. "ఎవరికీ ఏం కాలేదమ్మా, కూర్చోండి. అది మా మాస్టారి పని. మీకోసమే."

ఆవిడ కూర్చుంది. "నిజంగా ఎవరికో ప్రాణం మీదికొచ్చిందనుకున్నాను. ఇదే పెట్టండి సార్."

"మాస్టారు బాబాయి వింటే గంతులేస్తాడు, చెప్పొస్తా" అని ఆఫీసులో బొమ్మలు గీసే అమ్మాయి లేచింది.

"అరగంట కానీయమ్మా, మధ్యలో వెళ్తే తిడతాడు" అన్నాడు మేనేజరు.

మంచినీళ్ళిచ్చారు. ఆ మోతలోనే గొంతులు పెంచి ముగ్గురూ కబుర్లాడుకున్నారు.

అరగంట దాటినా మోత ఆగలేదు. అమ్మాయి వెళ్ళి తలుపు తోస్తే సగం తెరుచుకుని, ఏదో అడ్డం తగిలి ఆగిపోయింది. అడ్డం తగిలింది మాస్టారు. నర్సమ్మ సందులోంచి దూరి, మెడ పట్టి చూసి, ఛాతీ మీద చేతులు వేసి నొక్కింది. నొక్కుతూనే ఉంది. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది గానీ ప్రాణం లేదు.

"నేను పరుగెత్తబోయానండీ" అంది, తల ఎత్తకుండా. "మీరే కూర్చోమన్నారు."

మేనేజరు కంప్యూటర్ మీద బటన్లన్నీ నొక్కి చూశాడు. ఆ మోతను ఎలా ఆపాలో వాళ్ళలో ఎవరికీ తెలియదు. చివరికి అమ్మాయి ఏడుస్తూ కంప్యూటర్ తీగ పీకేసింది.

ఆయన్ని తీసుకెళ్ళాక గది ఖాళీ అయింది. కుర్చీకీ తలుపుకీ మధ్య నేల మీద, గుండె పట్టేసి, ఉక్క తట్టుకోలేక ఆయన లాగి పారేసిన స్వెట్టర్ పడి ఉంది, గుండీలు తెగి, ఒక చెయ్యి తిరగబడి.