మా మరదలు బిగించిన ఇంజన్

నా పేరు కాజ్. బే సిటీ షెవర్లే కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాను. మా నాన్నా అక్కడే, మా తాతా అక్కడే. భోజనాల దగ్గర ఎవరైనా పోటీ కంపెనీ ఫోర్డ్ పేరెత్తితే మా నాన్న తినడం ఆపేసేవాడు. నా భార్య ఐరీన్ చెల్లెలు బెర్నీ రోమియో ఊళ్ళో ఫోర్డ్ ఇంజన్ల ఫ్యాక్టరీలో చేరిందని తెలిసిన రోజు ఆయన నన్ను పక్కకి పిలిచి, "పిల్ల మంచిదే పాపం, ఇలా అయింది" అన్నాడు, ఎవరో పోయినట్టు.

బెర్నీకీ నాకూ ముప్ఫై ఏళ్ళుగా ఇదే గొడవ. ఆమె మా ఇంటికి వస్తే కారు మా వాకిట్లో పెట్టనివ్వను. వీధి చివర చర్చి ముందు పెట్టి నడిచి రావాల్సిందే. ఆమె ఊరుకుంటుందా? ప్రతి క్రిస్మస్‌కీ అందంగా చుట్టిన పెట్టెలో నాకొక ఫోర్డ్ తాళాల గొలుసు తెస్తుంది. ముప్ఫై దాకా పోగుపడ్డాయి.

నాకొక షెవెల్ కారుంది, మా షెవర్లే వాళ్ళు చేసిందే. 1970 నాటిది, నీలం రంగు, రెండు తలుపులు. నేను మంచి వయసులో ఉన్నప్పుడు కొన్నాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి ఇంజనే దానికి. ఎండాకాలం ఆదివారాలు ఐరీన్, నేనూ అందులో నది పక్క రోడ్డు మీద సరస్సు దాకా వెళ్ళొచ్చేవాళ్ళం.

ఒక ఏడు నవంబరులో, చలి ముదరకముందు ఎప్పటిలాగే రేడియేటర్ కడుగుతున్నాను. ఇంజన్ని చల్లబరిచే పాత కూలెంటు మందు పారబోసి, నీళ్ళు నింపి, ఇంజన్ కాసేపు తిప్పి ఆపాను. ఆ నీళ్ళు తీసేసి, గడ్డకట్టకుండా ఉండే పచ్చ మందు పొయ్యాలి. డబ్బా మూత తీస్తుండగా ఇంటి మెట్ల దగ్గర ధభీమని చప్పుడైంది. పరుగెత్తాను. ఐరీన్ మంచు మీద జారి పడిపోయింది. తుంటి విరిగింది.

ఆపరేషను, తర్వాత ఇరవై రోజులు నడక నేర్పే కేంద్రంలో. ఇంటికి తెచ్చాక వంట, మందులు, స్నానం, అన్నీ నేనే. షెవెల్ సంగతి ఒక్కసారి కూడా మనసులోకి రాలేదు. జనవరిలో వారం రోజులు విపరీతమైన చలి పట్టింది. ఒక పొద్దున పార కోసం షెడ్డులోకి వెళ్ళి చూస్తే, కారు కింద తుప్పురంగు మంచుగడ్డ. బానెట్ ఎత్తాను. లోపల ఉండిపోయిన నీళ్ళు గడ్డకట్టి ఉబ్బి, ఇంజన్ పక్క గోడ జానెడు పొడవున నిలువునా చీలిపోయి ఉంది.

మా ప్రాంతంలో కారు పట్టిన పదహారేళ్ళ పిల్ల కూడా చెయ్యని తప్పది. ఇంజన్ల మధ్య బతుకంతా గడిపిన నేను చేశాను. పైన గోనెపట్టా కప్పేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాను. ఐరీన్‌కి అస్సలు చెప్పలేదు.

ఫిబ్రవరిలో, ఈస్టర్ ఉపవాసాల ముందరి మంగళవారం, బెర్నీ పంచ్కీలు తెచ్చింది. పంచ్కీలంటే మా పోలిష్ వాళ్ళు ఆ రోజు తినే జామ్ కూరిన బూరెలు. మడత కుర్చీ కావాలని తనే షెడ్డులోకి వెళ్ళింది. ఎంతకీ రాలేదు. నేను వెళ్ళేసరికి పట్టా ఎత్తి, టార్చిలైటు వేసి ఆ చీలికనే చూస్తోంది.

ఇంక చచ్చేదాకా దెప్పుతుందనుకున్నాను. ఆమె లైటు ఆర్పి, "అక్కకి తెలుసా?" అంది.

"లేదు."

"నువ్వే చెప్పు బావా. నేను చెప్పను."

అంతే. కుర్చీ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజంతా ఫోర్డ్ మాటే ఎత్తలేదు. అందుకు నాకింకా ఎక్కువ సిగ్గేసింది.

రెండు రోజుల తర్వాత ఐరీన్‌కి చెప్పాను. ఆమె కాఫీ కప్పు కింద పెట్టింది.

"నేను పడ్డ రోజేనా?"

"ఆ రోజే."

"మూత కూడా పెట్టకుండా పరిగెత్తుకొచ్చావు కదూ?" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "కారు గుర్తుండి నన్ను మర్చిపోయుంటే అప్పుడు ఏడ్చేదాన్ని కాజ్. దీనికెందుకు ఏడుస్తాను?" అంది. ఏడ్చింది నేనే.

కారు అమ్మేద్దామనుకున్నాను. అలాంటి ఇంజన్ మళ్ళీ దొరక్క కాదు. వెతకాలన్న ఆశే చచ్చిపోయింది. ఆ మాట బెర్నీ చెవిన పడింది. మార్చి మొదటి శనివారం ఎవరిదో పికప్పు ట్రక్కు అడిగి తెచ్చుకుని నేరుగా మా వాకిట్లో ఆపింది. వెనక దుప్పటి చుట్టిన ఇంజన్. దుప్పటి తీస్తే కొత్త రంగుతో మెరుస్తోంది. ఫోర్డ్ ఇంజన్, 351 రకం.

"ఇదేంటి?"

"కనబడట్లా? ఇంజన్."

"షెవెల్‌లో ఫోర్డా? మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు."

"వస్తే మంచిదే, ఓ చెయ్యి వేస్తాడు. నా భుజానికి ఆపరేషనైంది, నేను బరువులెత్తలేను."

వద్దన్నాను. మర్యాదగానే చెప్తున్నాను, తిరిగి తీసుకెళ్ళమన్నాను. ఆమె పికప్పు పక్క అంచు మీద కూర్చుని కాళ్ళూపుతూ చెప్పడం మొదలుపెట్టింది.

"పాతికేళ్ళు ఇంజన్లలోకి పిస్టన్లు దించాను బావా. రోజుకి ఎన్నో లెక్కే లేదు. దించడం, అది ముందుకెళ్ళిపోవడం. ఒక్కటంటే ఒక్కటి తర్వాత ఏమైందో నాకు తెలీదు. రిటైరయ్యాక ఖాళీ ఇంజన్ దిమ్మ ఒకటి కొనుక్కుని ప్రతి బోల్టూ నేనే బిగించి దీన్ని కట్టాను. దీని కోసం కొన్న కారు మొత్తం తుప్పే, తుక్కుకి ఇచ్చేశాను. ఆరేళ్ళుగా ఇది మూలన పడుంది. తిరగని ఇంజన్ ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?"

నేను దుప్పటి మళ్ళీ ఇంజన్ మీద కప్పబోయాను.

"ఫోర్డ్ ఉద్యోగం పరీక్షకి ముందు పది రాత్రులు నీ వంటింటి బల్ల మీద నాకు మైక్రోమీటరు పట్టుకుని కొలవడం నేర్పించావు. మీ వాళ్ళు తెలిస్తే తిడతారని కర్టెన్లు కూడా వేశావు. మర్చిపోయావేమో. నేను మర్చిపోలేదు."

నిజంగానే మర్చిపోయాను. పికప్పు వెనక తలుపు దించాను.

అది అంత తేలిగ్గా కూర్చుంటుందనుకున్నామా? ఫోర్డ్ ఇంజన్‌కి అడుగున నూనె చాంబర్‌లో లోతైన భాగం ముందుంటుంది, మా కారు చట్రంలో అడ్డపట్టీ సరిగ్గా అక్కడే ఉంటుంది. కప్పీతో దించిన ప్రతిసారీ టక్కున తగిలి ఆగిపోయేది. నేను సుత్తి అందుకుంటే బెర్నీ నా చేతిలోంచి లాక్కుంది.

"నా ఇంజన్ని కొడితే నిన్ను కొడతా."

చివరికి పాత సామాన్ల దుకాణంలో ఫోర్డ్ ట్రక్కు చాంబర్ దొరికింది, లోతు వెనక్కి ఉన్నది. ఇంజన్ కూర్చునే పట్టీలు నేను కోసి వెల్డింగ్ చేశాను. గేర్‌బాక్సు కూడా ఫోర్డ్‌దే పెట్టాల్సి వచ్చింది. దాని కొలతకి వెనక చక్రాలకి వెళ్ళే షాఫ్టు కోయించాం. నేను కింద పడుకుని పని చేస్తుంటే బెర్నీ పక్కన బోర్లించిన బక్కెట్ మీద కూర్చుని ప్రతి బోల్టూ ఎంత బిగించాలో చెప్పేది. ఐరీన్ నడక కర్ర పట్టుకుని మెల్లగా షెడ్డు దాకా వచ్చి, మా ఇద్దరి పోట్లాటా చూసి నవ్వుకుని వెళ్ళేది. మొదట్లో రోజుకొకసారి వచ్చేది. మే నెలకి మూడుసార్లు వస్తోంది. ఆ పోట్లాట కోసమే నడుస్తున్నానని డాక్టరుతో చెప్పిందట.

జూన్ మొదట్లో స్టార్టు చేసిన రోజు ఇంజన్ ఒకసారి దగ్గి, కార్బురేటర్లోంచి భగ్గున మంట వదిలింది. నా టోపీ అంచు కాలింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ మంట. బెర్నీ ముఖం పాలిపోయింది. ఎక్కడో తప్పు చేశానేమోనని తనను తాను తిట్టుకోవడం మొదలుపెట్టింది. గుండ్రంగా తిరుగుతూ అన్నీ చూసి, ప్లగ్గు వైర్ల దగ్గర ఆగింది. వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

"వైర్లు ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఏ వరసలో?"

అప్పుడు తెలిసింది. ఏ సిలిండరు తర్వాత ఏది మండాలన్న వరస ఫోర్డ్‌కి వేరు, షెవర్లేకి వేరు. నా చేతులు ముప్ఫై నాలుగేళ్ళ అలవాటుకొద్దీ షెవర్లే వరసలో పెట్టేశాయి.

బెర్నీ పగలబడి నవ్వింది. "అక్కా, ఇటు రా! ఫోర్డ్‌కి షెవర్లే పాఠం చెప్తున్నాడు మీ ఆయన!" భుజం నొప్పి కూడా మర్చిపోయి వైర్లన్నీ పీకి తనే పెట్టింది.

ఈసారి తాళం తిప్పగానే అందుకుంది. ముందు గరగరమని, తర్వాత లోతుగా, నిలకడగా. షెడ్డు రేకులు అదిరాయి. నేను బెర్నీ వైపు చూశాను. ఆమె బక్కెట్ మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఐరీన్ వెనక నుంచి వచ్చి ఆమె తల మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ చప్పుడులో ఎవరేం మాట్లాడినా వినబడేది కాదు.

జూలైలో యూనియన్ హాలు దగ్గర రిటైరైనవాళ్ళ విందు. కారు తీసుకెళ్ళకుండా ఉండాలని నా మనసు. "దొంగతనం చేశామా?" అంది ఐరీన్. బెర్నీని కూడా తీసుకుని వెళ్ళాం. నాతో ఒకే షిఫ్టులో పనిచేసిన డ్యూయెన్ చేతిలో సాసేజీ ముక్కతో వచ్చి చెవి పెట్టి విన్నాడు.

"ఒరేయ్ కాజ్, దీని గొంతు మారిందేంట్రా?"

అక్కడ అబద్ధం చెప్పొచ్చు. చెప్పాలనిపించలేదు. బానెట్ ఎత్తాను. పది పదిహేను మంది మూగారు. ఒకడు ఈల వేశాడు, ఒకడు గుండెల మీద శిలువ గీసుకున్నాడు. నీళ్ళు వదిలేసింది నేనని, ఇంజన్ పగలగొట్టుకుంది నేనని చెప్పాను. "దీన్ని మా మరదలు బిగించింది. తన కోసం కట్టుకున్నది, నాకిచ్చింది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. డ్యూయెన్ వంగి చాలాసేపు చూశాడు. "తల్లీ, ఈ పనితనం మా దగ్గరుంటే నీకు ఫోర్‌మన్ ఉద్యోగం ఇచ్చేవాళ్ళం" అన్నాడు బెర్నీతో.

"మీ దగ్గర ఎవరు చేస్తారు?" అంది బెర్నీ. అప్పుడు నవ్వారందరూ. ఆమెకు పళ్ళెం నిండా బంగాళాదుంప కూరి ఉడికించిన పియెరోగీలు పెట్టి బల్ల దగ్గర మధ్యలో కూర్చోబెట్టారు.

తిరిగి వచ్చేటప్పుడు తాళాలు బెర్నీకిచ్చాను. ఆ కారు నేను తప్ప ఎవరూ నడపలేదు అప్పటిదాకా. అక్కాచెల్లెళ్ళు ముందు కూర్చున్నారు, నేను వెనక. ఇంటి వైపు తిప్పకుండా ఉత్తరానికి, జున్నుకి పేరుపడ్డ పింకానింగ్ ఊరి వైపు పోనిచ్చింది.

"బెర్నీ" అన్నాను.

"ఊ?"

"చాలా మేలు చేశావు. ఎలా చెప్పాలో తెలీడం లేదు."

అద్దంలోంచి ఒకసారి నన్ను చూసింది. "చెప్పేశావుగా. ఇంక రోడ్డు చూడనీ."

పింకానింగ్‌లో ఆగి జున్ను కొనుక్కున్నాం. ఐరీన్ కర్ర కారులోనే వదిలేసి దుకాణం దాకా నడిచింది. బయటికొచ్చాక వేడి బానెట్‌కి ఆనుకుని ముగ్గురం నిలబడి, సగం జున్ను అక్కడే తినేశాం.