మగ్దలీనమ్మ పెట్టె డబ్బులు

పిల్లలకు డబ్బు సంగతులు నేర్పమని పైనుంచి పుస్తకాలు వస్తే, లెక్కల టీచరువే కదా అని హెడ్మాస్టరు వాటిని హెప్సిబా నెత్తిన పెట్టాడు. ఇంకొకరైతే వాటిని బీరువాలో చెదలకు వదిలేసేవాళ్లు. హెప్సిబాది ఉడుంపట్టు. మార్కాపురం దగ్గరి ఆ పల్లె హైస్కూల్లో ప్రతి శనివారం పదో తరగతిని కూర్చోబెట్టి, వడ్డీ అంటే ఏమిటో, చీటీల్లో మునిగేదెవరో, ఫోన్లో అప్పులిచ్చేవాళ్లు కొంపలెట్లా కూలుస్తారో గుక్కతిప్పుకోకుండా చెప్పేది. చెప్పి ఊరుకున్నా బాగుండేది. "మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు దాచిన డబ్బు బ్యాంకులో వేయించండి. కావాలంటే నేనే వెంట వస్తాను" అంది.

ముందుకొచ్చింది ఫెబీ ఒక్కతే. పురిట్లోనే తల్లిని పోగొట్టుకున్న పిల్ల. తండ్రి ఏబేలు రెండేళ్ల కిందట కంభం రోడ్డులో ఆటో బోల్తాపడి పోయాడు. ఇక ఆ పిల్లకు మిగిలింది అవ్వ మగ్దలీనమ్మే.

"మా అవ్వ కాడ ఉండాయి మేడమ్, పెట్టె డబ్బులు" అంది ఫెబీ.

పెట్టె అంటే నగల పెట్టె అనుకునేరు. చచ్చాక తనను పడుకోబెట్టే పెట్టె. మగ్దలీనమ్మ మొగుడు పోయిననాడు ఇంట్లో చిల్లిగవ్వ లేదు. చర్చి ముందు తువ్వాలు పరిచి, నలుగురూ వేసిన డబ్బుతో పెట్టె తెచ్చారు. ఆ తర్వాత కుళాయి దగ్గర బిందె తగిలినా, ఒకరి ఇంట్లోకి కోడి దూరినా, "నీ మొగుణ్ణి మట్టి జేసింది మేమే పో" అని ఎవరో ఒకరు అననే అనేవాళ్లు. ఎంత మాట! మనిషన్నవాడు ఆ మాట అనొచ్చా? ఆరోజు నుంచి ఆమె పలకల గనిలో రాళ్లు మోసి, మిరపకోతకు నడుం వంచి, నోరు కట్టుకుని కూడబెట్టింది. చచ్చినా సరే, ఇంకొకరి ముందు చేయి చాపకూడదు.

"ఎలుకలు కొడితే ఏం చేస్తావవ్వా? బ్యాంకులో భద్రంగా ఉంటాయి" అని హెప్సిబా నచ్చజెప్పింది. "నీకు అప్పులేమైనా ఉన్నాయా?" అని కూడా అడిగింది.

"దేవుని తోడు తల్లీ, ఎవురికీ దమ్మిడీ బాకీ లేను."

ముసలామె అబద్ధమాడలేదు. కొడుకు అప్పు చేసి ఆటో కొన్నప్పుడు అదే బ్యాంకులో జామీను వేలిముద్ర వేసింది ఆమే. కానీ వాళ్ల పాలెంలో అందరిదీ ఒకటే నమ్మకం, చచ్చినోడి అప్పు వాడితోపాటే మట్టిలోకి పోతుందని. కొడుకూ పోయాడు, ఆటో తుక్కుకింద పోయింది, ఇంకెక్కడి అప్పు? హెప్సిబా కూడా ఇంకో ప్రశ్న వేయలేదు. తన చేత్తోనే ఫారం నింపి పద్దెనిమిది వేలూ ఖాతాలో వేయించింది.

వారం తిరక్కుండానే ఆ డబ్బు కొడుకు బాకీ కింద జమైపోయింది. పాస్‌బుక్కు చూసిన హెప్సిబా బ్యాంకుకు కాళ్లరిగేలా తిరిగింది, కోప్పడింది, ఏడ్చింది. "రూలు మేడమ్" అన్నారు వాళ్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

తన జీతంలోంచి ఆ మొత్తం తీసుకుని మగ్దలీనమ్మ ఇంటికి పోయింది. తలెత్తి చూడలేకపోయింది.

"నీ తప్పేముంది తల్లీ! నా కొడుకు బాకీ నేనే తీర్చుకున్నా. మంచిదే గదా" అంది ముసలామె. డబ్బు మాత్రం ముట్టలేదు. "వద్దమ్మా. రేపు ఎవురన్నా మా ఫెబీని ఒక మాటంటే అది పడలేదు. మళ్లీ నేనే కూడబెట్టుకుంటాలే."

ఎండలు ముదిరాక కూడా మిరపకోతకు పోయింది. ఆ వయసులో ఏం కోస్తుంది, ఏం మోస్తుంది! ఒకనాడు మధ్యాహ్నం ఆ చేలోనే ఒరిగిపోయింది.

కబురు తెలిసీ తెలియగానే హెప్సిబా మార్కాపురంలో పెట్టె కొని, ఊళ్లో ఆటో నడిపే జిలాని బండిలో వేసుకుని వచ్చింది. పాస్టరుగారితో సహా అందరూ మంచి పని చేశావమ్మా అన్నారు. ఫెబీ మాత్రం గడపకు అడ్డంగా నిలబడింది.

"వద్దు మేడమ్. అవ్వ బతికుండగానే చెప్పింది, డబ్బులు కూడకముందే పోతే చాప చాలని."

"నేను పరాయిదాన్నా ఫెబీ? ఆ డబ్బు పోయింది నా వల్లే కదమ్మా. నన్ను తీర్చుకోనీ."

"మీరు తీర్చుకుంటారు మేడమ్. రేపట్నుంచి మీది నేను తీర్చాల. తీర్చలేనిది తీసుకోవద్దని మీరే చెప్పినారు గదా."

అంత పిల్ల అంత మాట అంటుంటే కోపమైనా లేదు గొంతులో. పాఠం చెప్పినన్నాళ్లూ ఎవరూ వినడం లేదని హెప్సిబా విసుక్కునేది. ఈ ఒక్క పిల్లా అక్షరం పోకుండా విన్నది.

మగ్దలీనమ్మను కొత్త చాపలో చుట్టి సమాధుల తోటకు తీసుకుపోయారు. హెప్సిబా గుప్పెడు మట్టి వేసి, వెక్కి వెక్కి ఏడ్చి, రోడ్డు మీదికి వచ్చింది. జిలాని ఆటో పక్కన నిలబడి ఉన్నాడు.

"దుకాణపాయనకు ఫోన్ చేసినా మేడమ్" అన్నాడు తల వంచుకుని. "పెట్టె ఒకసారి పోతే వాపసు తీసుకోరంట. ఏం చేద్దాం?"

హెప్సిబా ఆటో ఎక్కి పెట్టె పక్కన చోటు చేసుకుని కూర్చుంది.

"దీన్ని మా ఇంటికాడ దించు నాయనా" అంది.